న్యాయసోపానం: ఛత్తీస్‌గఢ్ నుండి సర్వోన్నత పీఠం వరకు

భిలాయి అనగానే తెలుగువారికి స్ఫురించేది ఉక్కు. సోవియట్ సహకారంతో దుర్గ్ జిల్లాలో వెలసిన ఈ కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. జీవనోపాధికై తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి. అయితే ఆ ఉక్కునగర పౌరునికి దుర్గ్ న్యాయస్థానం దగ్గరే ఉన్నా, అప్పీలు చేసుకోవాలంటే 2000 వరకు జబల్పూరులోని మధ్యప్రదేశ్ హైకోర్టే దిక్కు. ఆపైన ఢిల్లీ.

ఈ సోపానక్రమంలో ప్రతి మెట్టూ ఎంత విలువైనదో భిలాయి చరిత్రలోని ఒక విషాద ఘట్టం చాటుతున్నది. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. 1997లో దుర్గ్ సెషన్స్ న్యాయస్థానం ఆరుగురికి శిక్ష విధించింది. 1998లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవ శిక్ష విధించి, తక్కినవారి విడుదలను ఖాయపరచింది. సాక్ష్యం ఒకటే, తీర్పులు మూడు. పై న్యాయస్థానంలో ఎవరు కూర్చుంటారన్నది సామాన్యునికి సంబంధించని విషయమని ఇక ఎవరనగలరు?

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించింది. ఆంధ్రప్రదేశ్ అవతరించినదీ 1956లో అదే తేదీన కావడం తెలుగువారికి ముచ్చట గొలిపే విషయం. కొత్త రాష్ట్రానికి బిలాస్‌పూర్‌లో హైకోర్టు ఏర్పడటంతో న్యాయం భిలాయికి కొంత చేరువైంది. కానీ సర్వోన్నత న్యాయస్థానంలో ఆ హైకోర్టుకు ప్రాతినిధ్యం అనేది చాలాకాలం తీరని లోటుగానే మిగిలింది.

ఆ లోటును తీర్చినవారు జస్టిస్ ప్రశాంత్ కుమార్ మిశ్రా. 1964 ఆగస్టు 29న రాయగఢ్‌లో జన్మించిన ఆయన 1987లో న్యాయవాదిగా నమోదయ్యారు. రాయగఢ్ జిల్లా కోర్టులోను, జబల్పూరులోను, తరువాత బిలాస్‌పూర్‌లోను వాదించారు. 2007లో రాష్ట్ర అడ్వకేట్ జనరల్ అయ్యారు. 2009 డిసెంబరు 10న ఛత్తీస్‌గఢ్ హైకోర్టు న్యాయమూర్తిగాను, 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగాను బాధ్యతలు స్వీకరించారు.

2023 మే 16న సుప్రీంకోర్టు కొలీజియం ఆయన పేరును సిఫారసు చేసింది. అఖిల భారత హైకోర్టు న్యాయమూర్తుల జాబితాలో ఆయన స్థానం 21. తనకంటె సీనియర్లు ఇరువదిమంది ఉండగా ఈ ఎంపిక న్యాయమేనా అన్న ప్రశ్న సహజం. కొలీజియం ఈ విషయాన్ని దాచలేదు. ఆయన విజ్ఞానాన్ని, సామర్థ్యాన్ని, ఛత్తీస్‌గఢ్‌కు ప్రాతినిధ్యం లేకపోవడాన్ని పరిగణించినట్లు తీర్మానంలోనే పేర్కొన్నది. రాజ్యాంగం 124వ అధికరణం సైతం హైకోర్టులో ఐదేండ్ల అనుభవాన్ని ఒక అర్హతగా చెప్పిందే గాని, సీనియారిటీని షరతుగా పెట్టలేదు. మిశ్రాగారి అనుభవం పదమూడేండ్లకు పైబడినది.

మరొక సంగతి గమనింపదగినది. అమరావతి రాజధాని వ్యాజ్యాలలో 2022 మార్చి 3న తీర్పు వెలువరించిన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి ఆయనే నేతృత్వం వహించారు. ఆ తీర్పులోని కాలపరిమితులను అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు నిలుపుదల చేసింది. ఆరు నెలలు తిరగకుండానే ఆ న్యాయస్థానపు కొలీజియమే ఆయనను తమ సరసకు ఆహ్వానించింది. ఒక తీర్పుతో విభేదించడం వేరు, న్యాయమూర్తి యోగ్యతను శంకించడం వేరు. ఈ వివేకమే న్యాయవ్యవస్థకు ప్రాణం.

ఇట్టి పరిణామం మనకు కొత్తకాదు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావుగారు 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కొత్త రాష్ట్రమైనంత మాత్రాన దాని న్యాయపీఠం చిన్నది కాదని అప్పుడే రుజువైంది.

అమెరికాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి నియామకానికి సెనేట్ బహిరంగంగా చర్చించి ఆమోదం తెలపాలి. మనదేశంలో 1993 నాటి తీర్పు అనంతరం న్యాయమూర్తుల సిఫారసుకే ప్రాధాన్యం. ఈ పద్ధతిపై విమర్శలు లేకపోలేదు. అందుచేతనే ఎంపికకు గల కారణాలను ప్రజల ముందుంచడం అత్యావశ్యకం. మిశ్రాగారి విషయంలో ఆ కారణాలు లిఖితపూర్వకంగా ఉన్నాయి.

2023 మే 19న ఆయన ప్రమాణ స్వీకారం చేశారు. జిల్లా కోర్టు నుండి ప్రతి మెట్టునూ స్వయంగా ఎక్కినవారికే, కింది మెట్టుపై ఫైలు పట్టుకొని నిలుచున్న కక్షిదారుని నిరీక్షణ అర్థమవుతుంది. దుర్గ్ కోర్టు ఆవరణలో వాయిదా కోసం వేచియున్న భిలాయి కార్మికునికి ఈ నియామకం ప్రసాదించగల భరోసా అదే.