ట్యాంక్‌బండ్ పేరు, పాటన్ ట్యాంకు

మొన్న మా కవాడిగూడలో ఓ పెళ్లిలో మళ్లీ అదే మాట విన్నాను. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మిలిటరీ ట్యాంకు పెట్టారు కాబట్టే అక్కడి కట్ట ట్యాంక్‌బండ్ అయిందట! చదువుకున్న కుర్రాడే చెప్పాడు. హైదరాబాద్ నగరం మీద రాసేవాళ్లు కొందరు కూడా ఈ కథను అచ్చేస్తున్నారు.

ట్యాంకు అంటే చెరువు, బండ్ అంటే కట్ట. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో, వేసిన హుస్సేన్‌సాగర్ కట్ట అది. మా తాత దాని మీదుగా సికింద్రాబాద్‌కు సైకిల్ తొక్కిన రోజుల్లోనే అది ట్యాంక్‌బండ్. అక్కడ పెట్టిన ఆ పాటన్ ట్యాంకు పట్టుబడింది 1971 పాకిస్తాన్ యుద్ధంలో. అసలు ట్యాంకు అనే పేరు అరువు తెచ్చుకున్నది యుద్ధవాహనమే. మొదటి ప్రపంచయుద్ధంలో గుట్టు బయటపడకుండా బ్రిటిష్‌వాళ్లు దాన్ని నీళ్ల ట్యాంకని చెప్పుకున్నారు.

ఇంతకన్నా నన్ను బాధించేది ఇంకొకటి. సాగర్ ఒడ్డున ఉన్న ఆ పాటన్‌ను మన సైన్యం బండి అనుకునేవాళ్లే ఎక్కువ. ఒకాయన మనవడికి ఇందులోనే 1971 యుద్ధవీరుడు అరుణ్ ఖేత్రపాల్ పోరాడాడని చెబుతుంటే ఆగి మరీ సరిదిద్దాను. అది అమెరికా చేసి పాకిస్తాన్‌కు ఇచ్చిన బండి, సుమారు 45 టన్నులు. గుండ్రటి టరెట్, ముందుకు చాచిన 90 మిల్లీమీటర్ల గొట్టం, కింద ఇనప పట్టాలు. మధ్యాహ్నం చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది.

దాన్ని నగరానికి ఇచ్చింది మన సికింద్రాబాద్ దండులోని 54వ పదాతి డివిజన్. 1971 డిసెంబరులో మేజర్ జనరల్ పింటో నాయకత్వంలో షకర్‌గఢ్ వైపు వెళ్లి, బసంతర్ ఏటి దగ్గర మందుపాతరల నేల దాటి పోరాడింది ఆ డివిజనే. ఆ పోరులో ఇద్దరికి పరమవీరచక్ర దక్కింది. 3వ గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్ ఒకరు, పూనా హార్స్‌కు చెందిన ఖేత్రపాల్ మరొకరు. ఖేత్రపాల్‌కు అప్పటికి 21 ఏళ్లు, కమిషన్ పొంది ఆరు నెలలు. డిసెంబరు 16న బండికి నిప్పంటుకున్నా దిగిరమ్మంటే దిగలేదు, తన ఫిరంగి ఇంకా పనిచేస్తోందని. ఆయన బండి సెంచూరియన్, పేరు ఫమగుస్తా. అది అహ్మద్‌నగర్‌లో భద్రంగా ఉంది.

మన ఒడ్డున ఉన్నది ఆయన ఎదిరించిన రకం బండి. పిల్లల్ని సాగర్‌కు తీసుకెళ్లినప్పుడు దాని ముందు రెండు నిమిషాలు నిలబెట్టి, ఇది శత్రువు బండి, మన సికింద్రాబాద్ డివిజన్ పట్టి తెచ్చిందని చెప్పండి.