గాజు తొట్టెలో పగడాలు: సున్నపు తేట కథ



పొయ్యి మీద పులుసు ఎక్కువగా ఇగిరిపోతే ఉప్పగా అవుతుంది. అప్పుడు ఇల్లాలు అందులో కాసిని వేడినీళ్లు పోస్తుంది కాని, మళ్లీ ఉప్పు వేయదు. ఆవిరయ్యేది నీరు, మిగిలేది ఉప్పు అన్న సంగతి వంటింట్లో అందరికీ తెలుసు. తీరప్రాంతాల్లో ఉప్పుమళ్లు పండేది కూడా ఈ సూత్రం మీదే. అయితే, ఇంట్లో గాజు తొట్టెలో సముద్రపు నీరు నింపి పగడాలను పెంచాలనుకున్నవారికి ఈ చిన్న సంగతే పెద్ద పరీక్ష అయింది. నూట డెబ్బై ఏళ్లకు పైబడిన ఆ ప్రయత్నం ఎలా సాగిందో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

పగడం అనగానే మనకు ఉంగరంలో పొదిగే ఎర్రని పగడం గుర్తుకొస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది రాతి పగడాల గురించి. వెచ్చని సముద్రాల్లో దిబ్బలు కట్టేవి ఇవే. చూడటానికి చెట్టుకొమ్మల్లా, పువ్వుల్లా ఉన్నా ఇవి ప్రాణులు. వేలాది చిన్న ప్రాణులు ఒకదాన్నొకటి ఆనుకుని, నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని తీసుకుని, తమ కింద రాతి గూడు కట్టుకుంటాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు, సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. సముద్రం అపారం కనుక అక్కడ ఈ లెక్క అంత తేలికగా మారదు. 100 లీటర్ల తొట్టె సంగతి వేరు. పది లీటర్లు ఆవిరైతే, మిగిలిన నీటిలో లీటరుకు దాదాపు 39 గ్రాముల ఉప్పు తేలుతుంది. ఇక కాల్షియం తొట్టె మొత్తానికి 40 గ్రాములే. పగడం పెరిగేకొద్దీ అది తరిగిపోతుంది. ఉప్పు పెరుగుతూ, సున్నం తరుగుతూ ఉంటే ఆ ప్రాణి ఎంతకాలం బతుకుతుంది?

ఈ కథకు ఆద్యురాలు ఒక గృహిణి. ఆమె పేరు ఆన్నా థిన్. 1846లో ఆమె ఇంగ్లండు తీరంలోని టార్కీ నుంచి కొన్ని చల్లనీటి రాతి పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నారు. మాటిమాటికీ తీరం నుంచి సముద్రపు నీరు తెప్పించుకోవడం అయ్యే పని కాదు. అందుకని ఇంట్లో పనిచేసే అమ్మాయి, తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, ఆ నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి తిరగబోసేది. గాలి కలిసి నీరు తేరుకునేది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే, రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, సముద్రపు తొట్టెలో ఆవిరైపోయిన మేరకు వాన నీటినో, బట్టీ పట్టిన నీటినో కలిపి ఉప్పు నిలకడగా ఉంచేవారు. మన ఇల్లాలు పులుసుకు చేసేదే ఆయన తొట్టెకు చేశారు.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపలశాల తెరిచారు. ఆ మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి పరిశోధకుడు, ఇంట్లోనే సముద్రపు నీరు తయారు చేసుకునే పద్ధతిని ప్రకటించారు. మామూలు ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు - ఈ నాలుగే అందులోని దినుసులు. సున్నం వాటిలో లేదు. సముద్రపు పువ్వులనూ, రొయ్యలనూ చూసి మురిసిపోవడానికి ఆ నీరు పనికొచ్చింది. రాతి పగడం పెంచాలంటే మాత్రం అది చాలదు.

ఆ లోటు తీరడానికి శతాబ్దం దాటింది. 1970లలో జర్మన్ భాషలో రచనలు చేసిన పీటర్ విల్కెన్స్ ఒక సులువైన మార్గాన్ని ప్రచారంలోకి తెచ్చారు. దాన్ని ఆ భాషలో కాల్క్‌వాసర్ అంటారు. అంటే మరేమీ కాదు, సున్నపు నీరు. సున్నం నీటిలో కలిపి కదపకుండా ఉంచితే పైన తేరుకునే తేట మన పెద్దలందరికీ తెలిసిందే. లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాముల సున్నం మాత్రమే కరుగుతుంది. విల్కెన్స్ పద్ధతిలోని సొగసు ఏమిటంటే, ఆవిరైన నీటికి బదులుగా ఈ తేటనే పోస్తారు. ఒక్క పనితో ఉప్పు నిలకడగా ఉంటుంది, తరిగిన సున్నమూ తిరిగి వస్తుంది. అయితే సున్నపు తేటకు ఘాటెక్కువ. ఒక్కసారిగా కుమ్మరిస్తే తొట్టెలో నీరు తెల్లగా విరిగి, ప్రాణులు చస్తాయి. చుక్క చుక్కగా పడాలి, ఎక్కువగా రాత్రిపూట పడాలి. రోజూ రాత్రి మేలుకొని చుక్కలు వేసేదెవరు?

ఇక్కడే యంత్రం అవసరమైంది. మన మిద్దెల మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలి, ట్యాంకు నిండగానే నీటిని ఆపుతుంది కదా! అదే తీరున తొట్టెలో ఒక చిన్న తేలుడు మీట పెట్టారు. నీటిమట్టం కొద్దిగా దిగితే పంపు తిరుగుతుంది, సరిపోగానే ఆగుతుంది. ఆ మీట ఇరుక్కుపోతే తేట అంతా ఒక్కసారే తొట్టెలో పడుతుంది. అందుకే జాగ్రత్తపరులు దానికి తోడుగా రెండో మీట పెడతారు, తేట ఉంచే పాత్రను చిన్నదిగా ఎంచుకుంటారు.

పగడాలు పెద్దవైన కొద్దీ తేట కూడా చాలలేదు. 1990లలో జర్మనీలో రెండు కొత్త దారులు తెరుచుకున్నాయి. ఒకటి, పాత పగడపు రాళ్ల మీదుగా బొగ్గుపులుసు వాయువు కలిపిన నీటిని పంపి, ఆ సున్నాన్ని కరిగించి తొట్టెలోకి వదలడం. రెండోది హాన్స్ వెర్నర్ బాలింగ్ పేరు మీద ప్రసిద్ధమైన పద్ధతి. ఇందులో కాల్షియం క్లోరైడు ఒక పాత్రలో, వంటసోడా మరో పాత్రలో కరిగించి ఉంచుతారు. రెండూ నేరుగా కలిస్తే సుద్దగా మారతాయి కనుక వేరువేరుగా పోస్తారు. ఇవి కలవగా మిగిలేది మామూలు ఉప్పు. అది పేరుకుపోయి లవణాల పాళ్లు తప్పకుండా, మామూలు ఉప్పు లేని ఇతర లవణాల మిశ్రమాన్ని కూడా చేర్చారు. రబ్బరు గొట్టాన్ని చక్రం నొక్కుతూ తిరిగే చిన్న పంపులు వీటిని గంట గంటకూ కొలిచి పోస్తాయి. ఆసుపత్రిలో డయాలిసిస్ యంత్రం రక్తాన్ని నడిపించేదీ ఇదే తరహా పంపుతోనే.

సంపన్నుల సరదాకు ఇంత శ్రమ ఎందుకని శ్రోతలు అడగవచ్చు. బెర్లిన్‌లో డీట్రిష్ స్ట్యూబర్ అనే ఔత్సాహికుడు తన ఇంటి తొట్టెలో పెరిగిన కొమ్మ పగడాన్ని విరిచి మిత్రులకు పంచారు. మన ఇళ్లలో మల్లె అంటు పంచుకున్నట్టే అది దేశదేశాలకు పాకింది. ఇంట్లో నేర్చిన విద్య శాస్త్రశాలలకూ అక్కరకు వచ్చింది. 2013లో లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంవారు తొట్టెలోనే ఋతువులనూ వెన్నెలనూ కల్పించి పగడాల చేత గుడ్లు పెట్టించారు. అమెరికాలో ఫ్లోరిడా తీరాన 2014 నుంచి ఒక వ్యాధి రాతి పగడాలను తుడిచిపెడుతూ వచ్చింది. సముద్రంలో దాదాపు అంతరించిన స్తంభ పగడం 2019 ఆగస్టులో ఫ్లోరిడా అక్వేరియంవారి తొట్టెల్లో గుడ్లు విడిచింది. ఆ జాతికి ఇప్పుడు గాజు తొట్టె ఆసుపత్రి వంటిది.

ఇక మన చేరువకు వద్దాం. తమిళనాడులో రామేశ్వరం నుంచి తూత్తుకుడి వరకు మన్నారు సింధుశాఖలో 21 దీవుల చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. అక్కడ కొన్ని దశాబ్దాలపాటు పగడాలను తవ్వి, కాల్చి, సున్నం చేశారు. 1986లో ఆ ప్రాంతం సముద్ర జాతీయ ఉద్యానవనం అయింది. అయినా రెండు దీవులు నీట మునిగాయి. అందుకు తవ్వకాలే ముఖ్య కారణమని పరిశోధకులు చెప్పారు. 2001లో రాతి పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేరాయి. కనుక మన సముద్రంలోంచి పగడం విరిచి తెచ్చి తొట్టెలో పెట్టుకోవడం నేరం.

ఒకచోట సున్నం కోసం పగడాన్ని కాల్చారు. మరోచోట పగడం కోసం సున్నాన్ని చుక్క చుక్కగా పోశారు. గుప్పెడంత పగడం పెరగడానికి ఎంత కాలం, ఎంత కాపలా కావాలో చుక్కలు పోసినవారికి తెలుసు. బట్టీలో అది బూడిద కావడానికి పట్టేది ఒక్క పూటే.