గుట్టంతా సీతాఫలమే

ఇంకింత దగ్గరికి జరుగు బిడ్డా, ఆ కట్టె ముందుకు నూకు, రాజుకుంటది. మీరు పొద్దుగాల నడవడానికి పోయే కేబీఆర్ పార్కు ముచ్చట చెప్త.

నా చిన్నతనంల ఆ పార్కున్న జూబ్లీహిల్స్ అంటే బంగ్లాలు కాదు, బండలు. గుండ్ల సందులల్ల సీతాఫలం చెట్లు. వానలు ఎనుకబట్టినంక మా అమ్మ గంప పట్టుకొని పోయేది, ఎనుక నేను. కండ్లు దగ్గరదగ్గరున్న కాయను ముట్టనియ్యకపోయేది. కండ్ల నడుమ సందు విచ్చి తెల్లగ గీత కొడితేనే తెంపాలె. గడ్డిల మగ్గేస్తే రెండు మూడొద్దులకు మెత్తబడేటియి. లేతకాయ తెంపితే పండదు, నల్లవడి గట్టిగనే ఉంటది.

మోదుగాకులు తెంపి, ఎండబెట్టి, పుల్లలతోని విస్తర్లు కుట్టేటోళ్లం. ఒక్క కాడకు మూడాకులు, నడుమదే పెద్దది. పువ్వు ఉడకబెడితే హోలీకి రంగు. బతుకమ్మకు తంగేడు సుత గాడనే.

1967ల ఏడో నిజాం మనవడు ముకర్రం జా గా గుట్ట మీద చిరాన్ ప్యాలెస్ కట్టించిండు. చుట్టూ కంచె పడ్డది. మాకు లోపలికి పోరాకపాయె. అయినా గా కంచెతోనే చెట్లు బతికినయి బిడ్డా. చుట్టుపక్కల గుండ్లన్ని పలగ్గొట్టి ఇండ్లు లేపుతుంటె గీ ఒక్క తునక దక్కింది. 1998ల సర్కారు దాన్ని జాతీయ పార్కు చేసి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టింది. 350 ఎకరాల పైచిలుకు జాగ, అండ్ల 600 రకాల దాక మొక్కలు.

దాన్ని చూసి ‘ఏముంది, ముళ్లకంప’ అనేటోళ్లున్నరు. నాకు మనసు కాలుతది. మన రాతినేల మీద అడవంటేనే గట్లుంటది. ఉన్నింత తడిని దాసుకోనీకె ఎండాకాలం ఆకు రాల్చి మోడై నిలవడతది, రెండు వానలు పడంగనే మల్ల పచ్చవడతది. నెమలి గూడు కట్టేది కొమ్మ మీద కాదు, కంప కింద నేల మీద. పరికి కంపలు నరికి పచ్చగడ్డి పరిస్తే అది గుడ్లేడ పెట్టాలె?

2016ల పార్కు చుట్టూ ఫ్లైఓవర్లకని చెట్లు కొడ్తమన్నప్పుడు జనం రోడ్డు మీదికొచ్చి చెట్లను కావలించుకొని నిలవడ్డరు. గా ముచ్చట విన్ననాడు నాకు కడుపు నిండినట్లయింది.

చలి తగ్గనియ్యి, మోదుగ మొగ్గేస్తది. మొగ్గ తొడిమె నల్లగ, ముట్టుకుంటే మఖమల్ లెక్కుంటది. రాలిన పువ్వును చేతిల పట్టుకొని చూడు, కొమ్మ మీదిది మాత్రం తెంపకు. దాని తేనెకు పిట్టలొస్తయి.