గ్రంథస్వామ్యం

బెజవాడ బెంజ్ సర్కిల్ నుంచి ఊళ్లోకి వచ్చి ఏలూరు రోడ్డులో పుస్తకాలు కొంటే, చాలావాటి లోపలి పేజీలో ‘సర్వహక్కులు రచయితవి’ అని ఉంటుంది. ఆ హక్కుల పేరే గ్రంథస్వామ్యం. వాడుకలో కాపీరైట్. గ్రంథం అంటే గుదిగుచ్చి కట్టినది, తాటాకుల కాలపు మాట. స్వామ్యం అంటే యాజమాన్యం; ప్రజాస్వామ్యంలో ఉన్నదీ ఇదే.

ఈ యాజమాన్యానికి గడువుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. మొదట్లో అది 50 ఏళ్లే. 1941లో కన్నుమూసిన ఠాగూర్ రచనల గడువు తీరే వేళ, 1992 సవరణతో పెంచారు.

గురజాడ 1915లో పోయారు కాబట్టి ‘కన్యాశుల్కం’ ఎప్పుడో అందరి సొత్తయింది. 1976లో మరణించిన మన బెజవాడ విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ మాత్రం 2037 జనవరి 1న ప్రజల పరమవుతుంది. అప్పుడు ఎవరైనా అచ్చు వేయవచ్చు, నాటకంగా మలచవచ్చు. అయితే కొత్త ముద్రణలో చేర్చిన పీఠికకు, వివరణలకు వేరే హక్కులుంటాయి. గడువు తీరినా రచయిత పేరు చెప్పి తీరాలి. ఆ రుణానికి గడువు లేదు.