చేను నుంచి ప్లాటు దాకా: వేలూరు చుట్టుపక్కల నేల చరిత్ర

వేలూరు చరిత్ర అంటే మనకు వెంటనే కోట, 1806లో జరిగిన సిపాయిల తిరుగుబాటు గుర్తుకొస్తాయి. పరీక్షలో అడిగేది కూడా అవే. కానీ మనం రోజూ నడిచే నేలకు కూడా ఒక చరిత్ర ఉంది. పరదరామి నుంచి గుడియాత్తం, అక్కడి నుంచి వేలూరు బస్సులో పోయేటప్పుడు కిటికీలోంచి చూస్తే ఆ చరిత్ర కనపడుతుంది. ఒక పక్క వరి మడి, చెనిక్కాయ చేను, మామిడి తోపు. దాని పక్కనే రాళ్లు నాటి, రంగు జెండాలు కట్టిన ప్లాట్లు.

తెల్లదొరల కాలంలో థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా ఉండగా (1820–1827) రైత్వారీ పద్ధతి స్థిరపడింది. సర్కారు నేరుగా రైతుకే పట్టా ఇచ్చి, శిస్తు వసూలు చేసేది. నీళ్లు పారే నేల నంజ, వాన మీద ఆధారపడేది పుంజ. శిస్తు రాని నేలను పొరంబోకు అన్నారు. చెరువు, వాగు, బాట, పశువుల మేత బీడు, శ్మశానం అన్నీ పొరంబోకే. ఆ మాట ఇప్పుడు తిట్టుగా మారిపోయింది గానీ, ఊరంతా కలిసి వాడుకున్న నేల అదే. దానికి శిస్తు లేదు కాబట్టి లెక్కల్లో విలువ లేకుండా పోయింది. నా ఆలోచనలో ఇప్పటి చిక్కు అక్కడే మొదలైంది.

తర్వాత ఊళ్లు పెరిగాయి. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా దాకా దక్షిణ దేశంలో మొదటి రైలు నడిచింది. 1900లో డాక్టర్ ఐడా స్కడర్ గారు వేలూరులో ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి సీఎంసీ. 1911 దాకా ఉత్తర ఆర్కాడు జిల్లాకు చిత్తూరు ముఖ్యపట్టణం. ఆ ఏడు చిత్తూరు వేరే జిల్లా కావడంతో వేలూరు ముఖ్యపట్టణమైంది. 2008లో నగరపాలక సంస్థ అయ్యింది. ఆసుపత్రికి, కాలేజీలకు, కచేరీలకు వచ్చే జనం పెరిగే కొద్దీ ఇంటి స్థలానికి గిరాకీ పెరిగింది.

పట్నానికి దగ్గరగా ఉన్న నేలకు విలువ ఎక్కువ అని వాన్ థ్యూనెన్ అనే జర్మన్ భూస్వామి 1826లోనే పుస్తకం రాశాడు. మనం ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఎకరా మీద ఖర్చులు పోను ఏడాదికి 35,000 రూపాయలు మిగులుతుంది అనుకుందాం. బ్యాంకు వడ్డీ 7 శాతం అయితే, అంత వడ్డీ రావడానికి 5 లక్షలు వేయాలి. అంటే చేనుగా ఆ ఎకరా విలువ 5 లక్షలు. ఎకరాకు 43,560 చదరపు అడుగులు. రోడ్లకూ మిగతావాటికీ సగం పోయినా, అడుగు 200 చొప్పున అమ్మితే 43 లక్షలు దాటుతుంది. ఈ తేడా చూసినాక, అమ్ముకున్న రైతును తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కూతురి పెండ్లికో, కొడుకు చదువుకో, ఎండిపోయిన బోరు అప్పుకో అమ్ముతాడు. అయితే ఆ నేల భూమిలోకి ఇంకించిన వాననీళ్లకు, మేపిన ఆవులకు, ఇచ్చిన కూలి పనికి ఈ లెక్కలో చోటే లేదు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో పాలారు మనకు నేర్పింది. తోళ్ల షాపుల మురికినీళ్ల మీద వేలూరు పౌరుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. ఆ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగునేల కొంతో, పూర్తిగానో పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో ఉంది. పాడుచేసినవాళ్లే నష్టం కట్టాలని కోర్టు చెప్పింది. తోళ్ల పనితో ఎంతోమందికి కూడు దొరికింది, అది నిజమే. కానీ దాని అసలు ఖర్చు పక్క చేని రైతు మోశాడు.

అదే 1996లో హైదరాబాదు దగ్గర ఇంకో దారి పట్టారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడడానికి 84 గ్రామాల్లో కట్టడాలను అదుపు చేస్తూ 111వ జీవో తెచ్చారు. చెరువులు మిగిలాయి. కానీ తమ నేలకు ధర రాలేదని ఆ ఊళ్ల రైతులు బాధపడ్డారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ వేరే జీవో వచ్చింది. నీళ్లు తాగింది పట్నం, ధర పోగొట్టుకుంది పల్లె. ఇలా ఒకరి మీదే భారం వేస్తే ఏ చట్టమూ ఎక్కువ కాలం నిలవదు.

మన రాష్ట్రంలో 2016 సెప్టెంబరు 9న, అనుమతి లేని ప్లాట్లను రిజిస్టరు చేయకూడదని మద్రాసు హైకోర్టు ఆపింది. మరుసటి ఏడు పాత ప్లాట్లను సక్రమం చేసుకునే నియమాలు వచ్చాయి. ఊరుమ్మడి నేలల ఆక్రమణలు తీసేయాలని సుప్రీంకోర్టు 2011లోనే రాష్ట్రాలకు చెప్పింది. చట్టాలకు కొరత లేదు. ఏది చెరువు, ఏది వాగు అని తెలిసిన ఊరివాళ్లు నోరు విప్పకపోతే చట్టం కాగితంలోనే ఉండిపోతుంది.

పట్టా నేల రైతు సొంతం. అది కాపాడమని అడిగితే, దానివల్ల బాగుపడే పట్నం అతనికి ఏదో ఒక రూపంలో డబ్బు ఇవ్వాలి. పొరంబోకు మాత్రం మనందరిదీ. అది ఒకసారి పోతే ఎన్ని లక్షలు పెట్టినా తిరిగిరాదు. జనవరి 26, ఆగస్టు 15 వంటి రోజుల్లో మన ఊళ్లలో గ్రామసభ జరుగుతుంది. విద్యార్థులమైన మనం పెద్దవాళ్లను అడిగి మన ఊరి చెరువులు, వాగులు, మేత బీళ్ల పేర్లు రాసిపెట్టుకుందాం. ఆ పట్టీని అమ్మానాన్నల చేతికిచ్చి గ్రామసభలో చదివిద్దాం.