వంటింట్లో యుద్ధం

వంటింట్లో యుద్ధాలు మనకేం కొత్త కాదు. ఉప్పుడబ్బా చోటు మారితే చాలు, కురుక్షేత్రమే! కానీ పొయ్యిగట్టు మీద ప్లాస్టిక్ సిపాయిలు తుపాకులతో పరుగెత్తడం మాత్రం మా తమ్ముడింట్లోనే చూశాను.

వాడు న్యూజెర్సీలో ఉంటాడు. నేను వెళ్ళినప్పుడు, చదువుకునే రోజుల్లో కొన్న రెండు వీడియో ఆటల పెట్టెలు బయటికి తీసి దుమ్ము దులిపాడు. "చూడక్కా, ఆట ఒక్కటే, పెట్టెలు రెండు" అన్నాడు. ఆట పేరు 'ఆర్మీ మెన్: సార్జెస్ హీరోస్'. త్రీడీవో కంపెనీ 1999లో నింటెండో 64కి తయారుచేసింది. 2000లో అదే ఆట మెరుగులు దిద్దుకుని డ్రీమ్‌కాస్ట్‌కి వచ్చింది. మొదటిదాంట్లో నాలుగడుగుల అవతల అంతా మంచు కప్పినట్టుంది. రెండోదాంట్లో కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నట్టు అంతా తేటగా కనిపించింది.

సార్జ్ అనే ఆకుపచ్చ సిపాయి, గోధుమరంగు సేనాపతి ప్లాస్ట్రోకి చిక్కిన తన జట్టువాళ్ళని విడిపించుకోవాలి. ఆ బొమ్మల లోకం నుంచి మన లోకంలోకి దారులున్నాయి. అలా వచ్చిపడిన సార్జ్‌కి మన వంటిల్లే ఒక దేశం!

పక్కన కూర్చున్న మా ఎనిమిదేళ్ళ మేనకోడలు అడిగింది: "అత్తా, ఇందులో అమ్మాయిలు లేరా?"

"ఎందుకు లేదూ, విక్కీ ఉందిగా! కర్నల్‌గారమ్మాయి, పత్రికా విలేఖరి" అన్నాడు తమ్ముడు.

"సైన్యంలో లేదా మరి?"

వాడు తల గోక్కున్నాడు.

ఆ ప్రశ్న నన్ను ఊరికే ఉండనివ్వలేదు. బొమ్మ సిపాయిల చరిత్ర తిరగేశాను. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిల్ని పోతపోసింది. సీసం తక్కువ పట్టింది గనుక ధర తగ్గింది. 1913లో హెచ్.జి. వెల్స్ ఈ బొమ్మలతో ఆడే యుద్ధానికి నియమాలు రాసి పుస్తకం వేశాడు. పుస్తకం పేరు కిందే, మగపిల్లల ఆటలంటే ఇష్టపడే తెలివైన ఆడపిల్లలు కూడా ఆడుకోవచ్చని సెలవిచ్చాడు. ఎంత ఉదారమో! 1938లో అమెరికాలో ప్లాస్టిక్ సిపాయిలొచ్చారు. సీసం పిల్లలకి విషమని తెలిశాక, 1966లో బ్రిటన్ కంపెనీ కూడా సీసం మానేసింది.

సీసం పోయి ప్లాస్టిక్ వచ్చింది. ప్లాస్టిక్ తెరకెక్కింది. తెర మీది మంచు కూడా తొలగింది. ప్రతిసారీ బొమ్మ బాగుపడింది గానీ, ఆ డబ్బాలో ఆడపిల్లకి చోటు మాత్రం దొరకలేదు.

త్రీడీవో 2003లో దివాలా తీసింది. పెద్ద కంపెనీలకి తట్టని దిద్దుబాటు ఒక చిన్నపిల్లకి తట్టింది. 2019లో అమెరికాలో ఓ ఆరేళ్ళ పాప, సైన్యంలో ఆడవాళ్ళున్నారు కదా, మీ బొమ్మల్లో ఎందుకు లేరంటూ బొమ్మల కంపెనీలకి ఉత్తరం రాసింది. పెన్సిల్వేనియాలోని బీఎంసీ టాయ్స్ అనే చిన్న కంపెనీ దానికి మనసిచ్చింది. 2020లో ప్లాస్టిక్ సైనికురాళ్ళు అచ్చుల్లోంచి బయటికొచ్చారు.

ఈ కథ చెబితే మా మేనకోడలు ఏమీ అనలేదు. వాళ్ళ నాన్న చేతిలోంచి ఆట మీటలు లాక్కుంది. ఆకుపచ్చ సిపాయి పొయ్యిగట్టెక్కాడు.

"పరిగెత్తు సరోజా, పరిగెత్తు!" అని అరిచింది.

"సరోజేంటే? వాడు సార్జ్" అన్నాడు తమ్ముడు.

"నా ఆటలో సరోజే."

మేమిద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. సరోజ మా అమ్మ పేరు.