మంగోలుల మైమఱువు



మంగోలులనగా తోళ్లు కప్పుకొని దోపిడికి వచ్చిన మోటు గుంపులని మనలో పెక్కుమంది యెంచుచుందురు. వారి నడుమ మెలగి వచ్చినవాని వ్రాత వేఱు. నాల్గవ ఇన్నోసెంటు పోపు పనుపున 1245లో లియాను నగరమునుండి బయలుదేఱిన కార్పినీ యను వృద్ధ సన్న్యాసి, 1246లో గుయుక్ ఖానుని పట్టాభిషేకకాలమున నచ్చట నుండి, 1247లో తిరిగివచ్చి యొక గ్రంథము రచించెను. సన్న్యాసికి ఇనుపరేకుల రంధ్రముల లెక్క యెందుకని నేను మొదట వింతపడితిని. ఆ సేన మరల యూరపుపై బడునని యాయన భయము. తనవారు దేనినెదుర్కొనవలయునో తెలుపుటకే యంత వివరము వ్రాసినాడు.

ఆయన చెప్పినది యిది. వ్రేలి వెడల్పు, అరచేతి పొడవు గల పలుచని రేకులు చేయుదురు. ఒక్కొక్క రేకునకు ఎనిమిది చిన్న రంధ్రములు. వానిని గట్టి తోలుపట్టెలపై నొకదానిమీద నొకటి పేర్చి, సన్నని తోలుత్రాళ్లతో కట్టుదురు. చూచువాని మొగము కనబడునంతగా మెఱుగుపెట్టుదురు. ఎద్దుతోలు పట్టెలను మూడు నాలుగు పొరలుగా నతికించిన కవచములును గలవు.

మన పెంకుటింటి కప్పున పైవరుస పెంకు క్రిందివరుసపై బడును గదా! ఇట్టి రేకుల కవచములందు తఱచుగా క్రిందివరుసయే పైవరుసను కప్పును. రేకు రేకునకే కట్టుబడును గాన త్రాడే దానికి ప్రాణము. ఒక రేకు చెడినచో దానినొక్కదానిని మార్చిన చాలును.

ఖతంగు దెగెల్ అను మఱియొక రకము గలదు. అందు రేకులు బట్టయంగీలో మేకులతో బిగింపబడి, వెలుపలికి మేకుతలలు మాత్రమే కనబడును. మైమఱువన్న మన తెలుగుమాట, మేనిని మఱుగుచేయుట యను భావమున, దీనికి చక్కగా నమరునని నా తలంపు.

ఈ కవచములకిప్పుడు క్రొత్త పని తగిలినది. 2010లో ఉక్రెయినునందలి ఖోతిన్ కోటలో, ఉక్కు కవచములు తొడిగి నిజముగానే కొట్టుకొను జాతుల పోటీ మొదలయినది. కత్తులు, గొడ్డళ్లు ఉక్కువే గాని యంచులు మొద్దుచేయబడును, పొడుచుట నిషిద్ధము, నేలగూలినవాడు తొలగవలెను. కవచమునకు పూర్వకాలపు మాతృక యుండవలయునని నియమము. కొందఱు ఈ గడ్డిమైదానపు టంగీల నెన్నుకొందురు. మేనితో పాటు వంగుట, చేతులాడుట కడ్డుకాకుండుట వీని గుణములు.

అయినను ఆటగాని యంగీని తూచి మంగోలు సైనికుని బరువు చెప్పరాదు. సైనికునికి బాణపు వెఱపు. ఆటగానికి గొడ్డలి మొద్దుదెబ్బ, పైబడు మనుష్యుల బరువు. రేకు విఱుగకున్నను ప్రక్కటెముక విఱుగవచ్చును. కావున లోపల మందపు బొంతయంగీ తప్పదు.

మొండెమును కాచిన మాత్రమున మనిషి దక్కడనుటకు విస్బీ గోతులున్నవి. 1361 జూలై 27న స్వీడనునందలి గోట్లాండు దీవిలో, డేనుల సేనకెదురు నిలిచిన పల్లెకాపులనేకులు ఆ నగరద్వారముకడ కూలిరి. పెక్కుమందిని కవచములతోనే పూడ్చిపెట్టిరి. 1905 మొదలు జరిగిన త్రవ్వకములలో లోపల రేకులు బిగించిన అంగీలు పలు దొరకినవి. త్రాళ్లతో కూర్చిన రేకుల కవచమును ఒకటి యుండెను. నేటి యాటలో మోకాలి వెనుక, పాదముపై కొట్టరాదు. ఆ కాపుల యెముకలపైనో, కత్తిగాట్లు మిక్కిలిగా మోకాలి దిగువనే కనబడినవి.